కొంగలగుట్ట పై దారి

కొంగలగుట్ట,
18 నవంబరు 2024

అత్తయ్యా,

మీ కాళ్ళకు దండం పెట్టుకుని మొదలుపెడుతున్నాను. ఫోన్లో నాతో మాట్లాడనన్నారు కదా, అందుకే ఉత్తరం. మీరు మాట్లాడతానన్నా ఇక్కడ సిగ్నల్ లేదు. అటవీ ఆఫీసు పనికి ఒక వైర్‌లెస్ సెట్టు ఉంది, అంతే. ఉత్తరాలు లాంచీ నడిపే నాగూర్ వలి అన్న తీసుకెళ్ళి మాచర్లలో పోస్టు చేస్తానన్నాడు.

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాక చాలాసేపు డ్యాము గోడ కనబడుతూనే ఉంటుంది. తర్వాత అదీ పోతుంది. ఇక చుట్టూ నీళ్ళే. ఆ నీళ్ళ మధ్యలో ఈ గుట్ట. సాగర్ కట్టకముందు ఇది మామూలు కొండేనట. నీళ్ళు నిండాక దీవి అయింది. ఇప్పుడు ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెట్టే కాలం. తుమ్మచెట్ల మీద ఆకు కనపడదు, కొంగలే. గుట్టంతా చేపల నీచు వాసన. మొదటి రోజు అన్నం సహించలేదు, ఇప్పుడు అలవాటైంది.

లాంచీ దిగినవాళ్ళ పేర్లు రాసుకోవడం, ప్లాస్టిక్ సంచులు తీసి పక్కన పెట్టించడం, గూళ్ళ దగ్గరికి పోకుండా చూడడం, సాయంత్రం అందరూ లాంచీ ఎక్కారో లేదో చూసి పంపడం, ఇదీ నా పని. ఆయన చేసిన పనే. గది కూడా ఆయనున్న గదే. నేను అడిగి వేయించుకోలేదత్తయ్యా. ప్రవీణ్ భార్యను ఇక్కడికి పంపడం ఎందుకని ఆఫీసులో వాళ్ళే అనుకున్నారట. ఖాళీ ఇక్కడే ఉంది.

వంటకూ ఊడ్చడానికీ ఆరోగ్యమ్మ అని మాచర్ల ఆవిడ ఉంది. ఆయన ఉన్నప్పటి నుంచీ ఉంది. ఆ రోజు ఆయన ఎటు ఎక్కారో వేలు పెట్టి చూపించింది. పైన ఎవరైనా మిగిలిపోయారేమో చూసొస్తాను, మీరు కదలండి అని చెప్పి పై దారి ఎక్కారట. అప్పట్లో రాత్రికి ఆరోగ్యమ్మ ఇంటికి పోయేది, ఆవిడతో సహా లాంచీ వెళ్ళిపోయింది. మర్నాడు లాంచీ తిరిగొచ్చేసరికి వండిన అన్నం వండినట్టే ఉంది. ఆయన లేరు. పై దారి చివర నాపరాళ్ళ అంచు, దాని కింద నిలువునా నీళ్ళు. నేనింకా పైకి ఎక్కలేదు.

బొట్టు తీయలేదు. మీరు చెప్పినట్టే ఉంచుకున్నాను. ఆఫీసు కాగితాల్లో మాత్రం ఆయన పేరుకు ముందు ‘లేట్’ అని రాస్తున్నారు. యశస్విని అన్నం దగ్గర పేచీ పెడితే కొట్టకండి, కథ చెప్పండి, తింటుంది.

మీ కోడలు
వాసంతి

*

గురజాల,
27 నవంబరు 2024

వాసంతికి శేషారత్నం రాసేది.

నీ ఉత్తరం అందింది. నీతో ఫోన్లో మాట్లాడనన్నది కోపంతో కాదు. నీ గొంతు వింటే నువ్వు కోర్టులో అన్న మాటే చెవిలో మోగుద్ది. నా భర్త బతికి లేడు అని జడ్జీ ముందు నిలబడి ఎట్టా అన్నావే. మనిషి కనపడక ఏడేళ్ళు దాటితే చచ్చినట్టేనని చట్టమంట. చట్టానికేం తెలుసు, అది కన్నదా పెంచిందా. నువ్వు సంతకం పెట్టావు, వాళ్ళు ఉద్యోగం ఇచ్చారు. పిల్ల చదువు చూడాలి, ఇల్లు గడవాలి, నేను కాదన్లా. కానీ నా కొడుకును కాగితం మీద చంపింది మాత్రం నువ్వే.

శవం దొరికిందా. లేదు. వారం పైన వెతికారు, గజ ఈతగాళ్ళు దిగారు, చెప్పు కూడా దొరకలా. తలకు దెబ్బ తగిలి మతి పోయి ఎటో పోయుంటాడు. నా మనసు చెప్పుద్ది.

మిరపకు ఈ ఏడు కూడా నల్లతామర పురుగు తగిలింది. పూతంతా ముడుచుకుపోయి రాలుతోంది. మందు కొట్టి కొట్టి చేతులు మంట. మీ చిన్నమావయ్య యల్లమంద తోట దున్నేసి మొక్కజొన్న వేస్తానంటున్నాడు. నేను మాత్రం పీకనన్నా. ఇంకా నాలుగు కాయలన్నా కాయదా.

యశు బాగుంది. ఆ గదిలో వాడిది ఏమన్నా ఉందా, చొక్కా కానీ టవలు కానీ. ఉంటే ఉతకకుండా పంపు.

శేషారత్నం

*

కొంగలగుట్ట,
9 డిసెంబరు 2024

అత్తయ్యా, మీరూ పిల్లా క్షేమమని తలుస్తాను.

గదంతా వెతికాను. ఆయనది ఏమీ లేదు. తర్వాత వచ్చినవాళ్ళు సున్నం కూడా వేయించారు.

ఇంకో సంగతి. మీకు రాయాలో వద్దో తెలియక ఇన్ని రోజులు ఊరుకున్నాను. ఆయన ఇక్కడే ఉన్నారత్తయ్యా. పై దారిలోనే ఉన్నారు. నేను చూడలేదు, చూసినవాళ్ళు వచ్చి చెబుతున్నారు. మొదట నమ్మలేదు. ఇప్పుడు సాయంత్రం లాంచీ కదిలాక పై దారి వైపు చూడాలంటే ఒళ్ళు జలదరిస్తుంది, చూడకుండానూ ఉండలేకపోతున్నాను. వివరంగా రాద్దామంటే వలి అన్న కేకలు వేస్తున్నాడు. ఎదురుగాలి లేస్తోంది, ఇప్పుడు బయల్దేరకపోతే కష్టమట. మళ్ళీ రాస్తాను. పిల్లకు చెప్పకండి.

వాసంతి

*

గురజాల,
17 డిసెంబరు 2024

అమ్మాయ్ వాసంతీ, నూరేళ్ళు చల్లగా ఉండు.

ఐదో తరగతిలో నన్ను బడి మాన్పించారని మా నాయన్ను ఎన్ని తిట్టుకున్నానో, ఆ ఐదు తరగతులే ఇయ్యాల నాకు కళ్ళయినై. నీ ఉత్తరం నేనే చదువుకున్నా. చదివి మళ్ళీ చదివా. నేను చెప్తే ఒక్కరన్నా నమ్మారా.

ఎట్టా ఉన్నాడు. గడ్డం పెంచాడా. బాగా చిక్కాడా. ఇన్నేళ్ళూ ఏం తిన్నాడు, ఆ పైన ఏం దొరుకుద్ది. కిందికి దేనికి రాడంట. నా మీద అలిగాడా. కనపడకుండా పోయే ముందు నెల ఇంటికొచ్చినప్పుడు ఆ అడవి ఉద్యోగం మాని మిరప వ్యాపారం చేసుకోరా అని నేను గొడవ పెట్టిన మాట నిజమే. దానికి ఎనిమిదేళ్ళు అలుగుతాడా ఎవడన్నా. అమ్మ ఇంక ఏమీ అనదని చెప్పు.

యల్లమందను తీసుకుని ప్లీడరు గారి దగ్గరికి పోయా. కోర్టు తీర్పు కొట్టేయించాలని చెప్పా. నీ ఉత్తరం చూపించా. ఆయన చానాసేపు చూసి, మనిషిని తీసుకురండమ్మా, మనిషి వస్తే కాగితం అదే పోద్ది అన్నాడు. నీ ఉద్యోగం పోతే పోనీ. వాడొచ్చాక వాడు చూసుకుంటాడు.

గోంగూర పచ్చడి జాడీలో పెట్టి మాచర్ల బస్సులో పంపుతున్నా. వలి చేత పైకి చేర్చు. పిల్లకు చెప్పొద్దన్నావు కానీ నా ముఖం చూసి అదే కనిపెట్టింది.

మీ అత్త

*

కొంగలగుట్ట,
18 డిసెంబరు 2024

అత్తయ్యా,

అల్పపీడనమట. గాలికి ఇన్నాళ్ళూ లాంచీ తిరగలేదు. ఇవాళే వచ్చింది. మీ ఉత్తరం ఏదీ రాలేదు. మొన్న నేను రాసింది చదివి బాధపడ్డారేమోనని దిగులుగా ఉంది. అది తొందరలో రాసేశాను. తీరిగ్గా రాద్దామని కూర్చుంటే చేయి రావడం లేదు. ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాటలవి.

సందర్శకులు లేరు. నీళ్ళు నల్లగా ఉన్నాయి. గాలికి గూళ్ళు కూలి పిల్లలు కింద పడుతున్నాయి. పడిన పిల్లను తల్లి కొంగ పైనుంచి చూస్తుంది కానీ దిగి రాదు. అది చూశాక ఆ పూట ఏ పనీ చేయలేకపోయాను.

చలి ఎక్కువైంది. ఉన్నది ఒక్క దుప్పటి, ఇద్దరికీ చాలడం లేదు. వీలైతే ఒకటి పంపండి. జొన్నపిండి కూడా పంపండి, ఇద్దరికీ సరిపడా. ఇక్కడ బియ్యం తప్ప ఏమీ మిగల్లేదు.

యశుకు ముద్దులు.

వాసంతి

*

గురజాల,
26 డిసెంబరు 2024

అమ్మాయ్,

ఇద్దరికీ అని రాశావు చూడు, ఆ ఒక్క మాట మీద బతుకుతున్నా. అంటే కిందికి దిగి గదిలోకి వస్తన్నాడన్నమాట. రెండు దుప్పట్లు పంపుతున్నా. ఒకటి వాడు ఇంట్లో కప్పుకునేది. జొన్నపిండి, కారప్పొడి, వాడికిష్టమని అరిసెలు చేశా. నువ్వు తెగించి చెప్పలేకపోతన్నావు, ఉద్యోగం భయం, నాకు తెలుసు. ఎవరికీ చెప్పను, వీధిలో ఇద్దరు ముగ్గురికి తప్ప చెప్పలా.

ఒక్క ముక్క వాడి చేత్తో రాయించి పంపు. అమ్మా అని రాస్తే చాలు.

మీ అత్త

అమ్మా, నేను యశును. నాన్న పైన ఉంటే రోజూ కిందికి ఎందుకు రాడు? నేను ఎలా ఉంటానో నాన్నకు తెలియదు కదా. నా స్కూల్ ఫోటో పెట్టమంటే నాయనమ్మ ఈ కవర్‌లో పెట్టింది. నాన్నకు చూపించు.

*

కొంగలగుట్ట,
2 జనవరి 2025

అత్తయ్యా,

మీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. మెట్ల మీదే కూర్చుని రెండూ చదివాను. నన్ను క్షమించండి. ఇద్దరం అంటే నేనూ ఆరోగ్యమ్మానూ. చలికి ఆవిడ నా గదిలోనే పడుకుంటోంది.

ఆయన ఉన్నారని రాసింది ఏమిటంటే ఇది. నవంబరులో నరసరావుపేట నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్ళ పెద్దాయన ఒక్కడే పై దారికి అడ్డంగా కట్టిన తాడు దాటి పైకి పోయాడు. మేం కంగారుపడి వెతుకుతుంటే ఆయనే దిగి వచ్చాడు. “మీ గార్డు వెనక్కి పంపించాడమ్మా, ‘పెద్దాయనా, అటు పోబాక, రాయి కదులుద్ది’ అన్నాడు. మర్యాదస్తుడు” అన్నాడు. పైన మాకు గార్డు లేడత్తయ్యా. ఈ గుట్ట మీద ఉద్యోగిని నేనొక్కదాన్నే. తర్వాత నది అవతల నుంచి కాలేజీ ఆడపిల్లలు వచ్చారు. వాళ్ళలో సబా అనే అమ్మాయి ఫోటో కోసం అంచు దాకా పోయి పరుగున వచ్చింది. “పైన సార్ కోప్పడ్డారు మేడమ్, లాంచీ పోయే టైమయింది దిగమన్నారు” అంది. ఎలా ఉన్నారని అడిగాను. ఎడమచేత్తో విజిల్ పట్టుకున్నారు అంది.

ఆయన ఎడమచేతి వాటం మీకు చెప్పాలా.

ఆరోగ్యమ్మ అయితే ఇది కొత్త కాదంటుంది. ఇంతకుముందు చేసినవాళ్ళు అందుకే ఇక్కడ నిలవలేదట. బతికున్న మనిషైతే అన్నం లేకుండా, మంచినీళ్ళు లేకుండా ఎలా ఉంటాడు? నేను చెప్పింది వేరు, మీరు అనుకున్నది వేరు. మిమ్మల్ని ఆశపెట్టిన పాపం నాది.

పిల్లకు నెమ్మదిగా మీరే చెప్పండి.

వాసంతి

*

గురజాల,
9 జనవరి 2025

వాసంతికి,

ముందు ఉన్నాడన్నావు. ఇప్పుడు లేడంటున్నావు. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలుసు. నేను ప్లీడరు దగ్గరికి పోయానని రాశా, ఉద్యోగం పోద్దని నీకు వణుకు పుట్టింది. విజిల్ పట్టుకున్నాడంట, మాట్లాడాడంట, కోప్పడ్డాడంట. చచ్చినోడు కోప్పడతాడా. వాడు బతికే ఉన్నాడు, నువ్వు దాస్తన్నావు.

ఇంక నీకు ఉత్తరం రాయను. నా కొడుకును నేనే తెచ్చుకుంటా.

శేషారత్నం

*

గురజాల,
24 జనవరి 2025

అమ్మాయ్ వాసంతీ,

నేనొచ్చి పోయిన సంగతి ఆరోగ్యమ్మ నీకు చెప్పే ఉంటది. నువ్వు లేని రోజు చూసి రాలేదు. ట్రైనింగని మాచర్ల పోయావని లాంచీలో వలి చెప్తేనే తెలిసింది. పిల్లను వెంటబెట్టుకుని అందరితో పాటు టికెట్టు కొనుక్కుని వచ్చా. ఆరోగ్యమ్మ నన్ను గుర్తుపట్టలా. యశు నీ పోలిక కదా, దాన్ని చూసి గుర్తుపట్టింది. కొంగపిల్లల్ని చూపిస్తానని పిల్లను తీసుకుపోయింది. ఆ సందులో నేను తాడు దాటా.

మిట్టమధ్యాహ్నం. ఎండ బాగా ఉంది. ఏదో మసకలో చూశానని నువ్వు అనుకోకూడదని చెప్తున్నా. నా మోకాళ్ళ సంగతి తెలుసుగా, కూర్చుంటా లేస్తా ఎక్కా. పైన చెట్లు లేవు, పరుపు పరిచినట్టు నాపరాయి. దాని చివర వాడు నిలబడున్నాడు.

అటు తిరిగి నీళ్ళ వైపు చూస్తన్నాడు. ఖాకీ చొక్కా. వెనక నుంచే తెలిసింది నాకు. “ఒరేయ్ ప్రవీణూ” అన్నా. తిరిగాడు. ఎనిమిదేళ్ళు వాడి మీద పడలేదమ్మా. ఇంటికొచ్చి వెళ్ళిన ఆ రోజు ఎట్టా ఉన్నాడో అట్టాగే ఉన్నాడు. నేను ముసలిదాన్నయ్యా, వాడు అట్టాగే ఉన్నాడు.

నా ముఖంలోకి చూశాడు. చూసి, “పెద్దమ్మా, అటు పోబాక, రాయి కదులుద్ది” అన్నాడు.

గొంతు వాడిదే. “నేనురా, మీ అమ్మను” అన్నా. “పెద్దమ్మా, అటు పోబాక, రాయి కదులుద్ది. లాంచీ పోయే టైమయింది, దిగు” అన్నాడు. అంత నెమ్మదిగానూ, అంత మర్యాదగానూ. దారిన పోయే ముసలమ్మకు చెప్పినట్టు. నేను ఏడ్చా. “ఇంటికి పోదాం రారా, యశు కిందనే ఉంది” అన్నా. మళ్ళీ అదే మాట. ఆ మాటకు ముందు లేదు, వెనక లేదు.

మతి పోయినోడైతే ఎవరు నువ్వని అడుగుతాడు. అలిగినోడైతే ముఖం తిప్పుకుంటాడు. అమ్మ ముఖంలోకి చూసి పెద్దమ్మా అన్నోడు బతికున్నోడు కాదు. నా బిడ్డ లేడు వాసంతీ. అక్కడ ఉన్నది వాడు చేసిన పని ఒక్కటే.

వాడు చెప్పినట్టే దిగా. వెనక్కి తిరిగి చూడలా. యశు ఏమీ చూడలేదు, దాని చెయ్యి పట్టుకుని లాంచీ ఎక్కా.

శివరాత్రి వెళ్ళిన మర్నాడు అమావాస్య. సత్రశాల రేవులో వాడికి చెయ్యాల్సినవి చేద్దాం. యల్లమంద చేస్తానన్నాడు. నువ్వు సెలవు పెట్టి రా. బొట్టు సంగతి నీ ఇష్టం, ఊళ్ళో వాళ్ళ మాట నేను చూసుకుంటా. కిందికి దిగినప్పుడు ఫోన్ చెయ్యి. ఎత్తుతా.

మీ అత్త

*

కొంగలగుట్ట,
16 మార్చి 2025

అత్తయ్యా,

ఫోన్లో అన్నీ చెప్పుకుంటున్నాం కానీ ఈ మాటలు మాత్రం ఫోన్లో రాలేదు. సత్రశాలలో మీ పక్కన కూర్చున్నప్పుడూ రాలేదు.

సెలవు మీద బయల్దేరే ముందు రోజు నేను పైకి వెళ్ళాను. మీ ఉత్తరం చదివాక వెళ్ళకుండా ఉండలేకపోయాను. లాంచీ వచ్చేలోపు ఒక్కదాన్నే ఎక్కాను. యశు ఫోటో పట్టుకెళ్ళాను. ఏవండీ, ఎల్లుండి మీకు పిండం పెడుతున్నారు, ఆ సంగతి చెప్పడానికి వచ్చానని గట్టిగానే అన్నాను. నాపరాళ్ళ మీద నడుచుకుంటూ అంచు దాకా పోయాను. కాలి కింద రాతి పెళ్ళ కదిలింది. కింద నీళ్ళు కనబడ్డాయి. ఎవరూ నన్ను ఆపలేదు.

కొంగలు లేచి మళ్ళీ వాలాయి. వలి అన్న లాంచీ హారను కొట్టేదాకా అక్కడే కూర్చున్నాను. ముక్కూ ముఖం తెలియని వాళ్ళందరికీ ఒక మాట చెప్పారు. మీతోనూ చెప్పారు, ఏ వరసైతేనేం. నాకు ఆ పరాయి మాట కూడా దక్కలేదు. కోర్టులో నేను అన్నది విని ఉంటారా అనిపించింది. ఆరోగ్యమ్మతో అంటే, “నువ్వు గార్డువి కదమ్మా, గార్డును గార్డు దేనికి ఆపుతాడు” అంది. అది నిజమో, నన్ను ఊరుకోబెట్టడానికి అందో తెలియదు.

కర్మ అయ్యాక వచ్చి చూస్తే గుట్ట మామూలుగానే ఉంది. సందర్శకులెవరూ పైన సార్ ఉన్నారని చెప్పలేదు. మనసుకు తేలికగా ఉందని మీకు చెప్పాను కదా. అప్పుడు నిజంగానే ఉంది. ఆ తర్వాత పోయిన ఆదివారం శావల్యాపురం నుంచి ఒకావిడ పిల్లలతో వచ్చింది. నేను రేవు దగ్గర పేర్లు రాస్తూ ఉన్నాను. ఆవిడ తాడు దాటి పైకి పోయింది. రాయి కదిలింది. నీళ్ళలో పడలేదు, మధ్యలో పొడుచుకొచ్చిన రాతి అరుగు మీద పడింది. కాలు విరిగింది. అరుపులు విని అందరం పరిగెత్తాం. వలి అన్నా నేనూ తాళ్ళతో పైకి లాగాం. లాంచీలో నా ఒళ్ళో తల పెట్టుకుని ఆవిడ ఒకటే మాట. పైన ఎవరూ లేరమ్మా, ఒక్కరన్నా ఉంటే చెప్పేవాళ్ళు కదా అని.

ఆ మాట ఇంకా నన్ను వదల్లేదు. ఆయన్ను మనం పంపేశాం అత్తయ్యా. పంపాల్సిందే, తప్పు చేశామని అనను. ఇన్నేళ్ళూ అక్కడ ఎంతమందిని వెనక్కి తిప్పారో ఎవరికి తెలుసు.

నన్ను మాచర్లకు మారుస్తామని ఆఫీసులో అన్నారు. వద్దన్నాను. మీకు కోపం వస్తుందని తెలుసు. పేర్లు రాసే పని ఆరోగ్యమ్మకు నేర్పాను, రాయడం చదవడం వచ్చిన మనిషే, చక్కగా చేస్తోంది. అంచుకు అడ్డంగా ముళ్ళకంప వేయించాను. లాంచీ వచ్చినప్పటి నుంచి పోయేదాకా నేను అక్కడ నిలబడుతున్నాను. ఎండ ఉంది, గొడుగు తెచ్చుకున్నాను. మొన్న బెల్లంకొండ నుంచి వచ్చిన ఒక ముసలాయన కంప తొలగించబోతుంటే కేక వేశాను. ఆయన ఉలిక్కిపడి ఆగాడు. నన్ను పరకాయించి చూసి, “మనిషివేనా అమ్మా” అన్నాడు. మనిషినే తాతా అన్నాను. దిగి వెళ్ళిపోయాడు.

యశుకు పరీక్షలయ్యాక తీసుకురండి. గూళ్ళలో పిల్లలు ఎగరడం నేర్చుకుంటున్నాయి, చూస్తుంది. లాంచీ దిగాక రేవులో నేను కనబడకపోతే కంగారు పడకండి.

నేను పైన ఉంటాను.

మీ వాసంతి